చేపల తొట్టెలో బోరు నీళ్లు

మా మామకు మనుషుల మాట మీద నమ్మకం తక్కువ, చేపల మీద ఎక్కువ. ఎగతాళికి అనడం లేదు. ఆయన తరం వాళ్లు కొత్త బావి తవ్వి నీళ్లు పడగానే కొబ్బరికాయ కొట్టి, చెరువులోంచి గుప్పెడు చేపపిల్లలు తెచ్చి అందులో వదిలేవారట. అమావాస్య వెళ్లేదాకా ఆ నీళ్లు ఎవరూ నోట పెట్టేవారు కాదు. అప్పటికీ చేపలు తిరుగుతుంటే ఇంటి పెద్ద మొదటి చెంబు తాగేవాడు. ఆ తర్వాతే ఆడవాళ్లు బిందెలు ముంచేవారు.

నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి తొంభైలు సగానికి వచ్చాయి. మామ పొలంలోని బావి అప్పటికే పోయింది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో అదేమీ వింత కాదు. ఎగువన ఫ్యాక్టరీలు వచ్చాయి. వాగు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా పారడం మొదలుపెట్టింది. ఒక వానాకాలం పొద్దున మామ మోటారు వేయడానికి వెళితే బావి నిండా చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఆ పూట నుంచి ఆ నీళ్లు పశువులకు కూడా పెట్టలేదు. పక్క పొలం వాళ్లు మాత్రం చూద్దాంలే అని పెట్టారు. ఆ ఏడు వాళ్ల బర్రెల్లో ఒక్కదానికీ చూడి నిలవలేదు.

"గా చేపలు ముందుగాల సచ్చినయి కాబట్టి మనం బతికినం" అని మామ అంటుండేవారు. అన్నప్పుడల్లా అత్తమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నా ఆమెకు భయం పోలేదు.

పొలం సాగు లేక పడావు పడ్డాక వాళ్లు హైవేకి దగ్గరగా ఇల్లు కట్టుకుని బోరు వేయించారు. చాలా లోతుకు పోయాక నీళ్లు పడ్డాయట. పైనున్న విషం అంత కిందికి దిగదని బోరు బండి వాళ్లు చెప్పారు. మామకు నమ్మాలనే ఉంది. కానీ బోరు గొట్టంలో చేపను ఎలా వదులుతారు? ఆ చిక్కుకు ఆయనే ఒక దారి కనిపెట్టారు. నా పెళ్లయిన కొత్తలో సంగారెడ్డి బజారుకు వెళ్లి, గాజు సామాన్ల సేటు దుకాణంలో చేపల తొట్టె ఒకటి కొని, గడ్డి పరిచిన ఆటోలో పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. ముందు గదిలో బల్ల మీద పెట్టి బోరు నీళ్లతో నింపారు. చూసిన వాళ్లంతా పటేలుకు ముసలితనంలో షోకు పుట్టిందని నవ్వారు. అది షోకు కాదని మా ఇంట్లో వాళ్లకే తెలుసు. ఆయన దృష్టిలో అది గాజుతో కట్టిన బావి.

ఎర్రటి చేపలు నాలుగు, వాటితో పాటు ఒక మిషను కూడా సేటు అంటగట్టాడు. చిన్న నల్ల డబ్బా అది. లోపల మోటారు, స్పంజి, బొగ్గు. కరెంటు పెడితే తొట్టెలో నీళ్లు లాగి, వడగట్టి, బుడబుడమని మళ్లీ తొట్టెలోకే వదులుతుంది. అది లేకపోతే గాజులో చేప బతకదని సేటు చెప్పాడు. దానికి ఏడాది గ్యారంటీ కార్డు రాసిచ్చాడు. అమ్మేవాడి నోటికి అడ్డు ఉండదు కదా, ఇంకో మాట కూడా అన్నాడు. "గీ మిషన్ ఉంటే ఎసొంటి నీళ్లయినా సాఫయితయి పటేలా." మామ ఆ మాట విన్నారు, మెచ్చుకున్నారు. ఆ మాటలో ఏముందో మాత్రం ఆయన ఆలోచించలేదు, ఇంట్లో ఎవరమూ ఆలోచించలేదు.

అమావాస్య వెళ్లింది. చేపలు మిసమిసలాడుతూ తిరుగుతున్నాయి. మామ తలస్నానం చేసి వచ్చి తొట్టెకు దండం పెట్టి, బోరు దగ్గరికి వెళ్లి మొదటి చెంబు తాగారు. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ అవే నీళ్లు.

నేను పోతిరెడ్డిపల్లి పిల్లను. మంజీర నది నుంచి వచ్చే నల్లా నీళ్లు తాగి పెరిగినదాన్ని. మొదటి గుక్కకే నా నాలుక ఒప్పుకోలేదు. మందు గోళీలు అయిపోయిన సీసా మూత తీస్తే ఒక వాసన వస్తుంది, అదే వాసన. అన్నం వండితే మెతుకు పసుపు తిరిగేది. పప్పు ఎంతకీ ఉడికేది కాదు. బిందెలో రాత్రి పట్టిన నీళ్లు తెల్లారేసరికి పలచటి చాయ్ రంగుకు వచ్చేవి. నేను ఊరుకునే రకం కాదు. నీళ్లు బాగా లేవని మొహం మీదే చెప్పాను. మామ కోప్పడలేదు. తొట్టె వైపు చెయ్యి చూపించారు.

"చేపకంటె నీకు ఎక్కువ తెల్సా బిడ్డా?"

మా ఆయనను కదిపి చూశాను. ఆయన అక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవారు. ఇంటికి వచ్చి చొక్కా విప్పితే నా నాలుకకు తగిలిన వాసనే ఆ చొక్కా నుంచి వచ్చేది. ఉప్పు తిన్న ఇంటిని ఏమంటారు పాపం. నాన్న తాగుతున్నాడు, అమ్మ తాగుతోంది, నువ్వెందుకు పరేషాన్ అవుతావని పక్కకు తిరిగి పడుకునేవారు. ముక్కు మూసుకుని తాగడం నేర్చుకున్నాను. కొన్నాళ్లకు ముక్కు మూసుకోవడం కూడా మర్చిపోయాను. అలవాటంత చెడ్డది ఇంకోటి లేదు.

గ్యారంటీ ఉండగానే ఆ మిషను ఒకసారి మొరాయించింది. బుడగలు సన్నబడి చప్పుడు మారింది. సేటు దాన్ని విప్పి లోపల ఒక రబ్బరు ముక్క మార్చి ఇచ్చాడు. మళ్లీ తిరిగింది. గ్యారంటీ గడువు వెళ్లిపోయిన కొద్ది రోజులకే ఒక పొద్దున తొట్టెలో కొత్త నీళ్లు పట్టి వెళ్లాక అది పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు పత్తి పనుల కాలం, ఇంట్లో అందరం పొద్దున్నే కౌలు చేనుకు వెళ్లి పొద్దుగూకి వచ్చాం. తొట్టెలో చేపలు నాలుగూ వెల్లకిలా తేలి ఉన్నాయి.

మామ గుమ్మంలోనే ఆగిపోయారు. బావిలో చేపలు తేలిన పొద్దున ఆయన ఎలా నిలబడి ఉంటారో నాకు అప్పుడు తెలిసింది. ఆయన చేపల వైపు ఎక్కువసేపు చూడలేదు. తల తిప్పి నా కడుపు వైపు చూశారు. నాకు అప్పటికి అయిదో నెల. ఆ చూపు తగిలి గోడ పట్టుకుని కింద కూర్చున్నాను.

అత్తమ్మ వెళ్లి మిషను మీద చెయ్యి పెట్టి, ఇది ఆగిపోయిందయ్యా అంది. అంతే, మామ మొహంలోకి రక్తం వచ్చింది. మిషను ఆగింది, అందుకే చేపలు చచ్చాయి. నీళ్లలో ఏ దోషమూ లేదు. తప్పంతా సేటుది, వాడు అమ్మిన నాసిరకం సరుకుది. ఆ కోపంలో ఎంత ఊరట ఉందో చెప్పలేను. నేనూ అదే పట్టుకుని లేచాను. మునిగేవాడికి గడ్డిపరకైనా చాలు.

మర్నాడు మామ మిషను పట్టుకుని సేటు దుకాణానికి వెళ్లారు. తోడుగా నన్నూ తీసుకెళ్లారు, కార్డు మీద ఏం రాసుందో చదవడానికి. సేటు కార్డు చూసి, గ్యారంటీ అయిపోయింది, నేనేం చెయ్యలేనన్నాడు. పోయినసారి చెడింది గ్యారంటీలోనే కదా, అప్పుడు సరిగ్గా చేసి ఉంటే ఇప్పుడు ఎందుకు ఆగుతుందని నేను గట్టిగా అడిగాను. బేరానికి వచ్చిన వాళ్లు మా వైపు తిరిగారు. సేటుకు రోషం వచ్చింది. మిషను విప్పి, లోపలి రబ్బరును వేలితో నొక్కి చూపించాడు. అది నానిన బెల్లంలా సాగింది.

"మా రబ్బరు గిట్ల కాదు అమ్మా. మీ నీళ్లు తిన్నయి దీన్ని" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కొత్త మిషను ఇవ్వనని ఊరుకుంటే మామ తిట్టుకుంటూ ఇంటికి వచ్చేవారేమో. నా బోరును అన్నవాడిని విడిచిపెట్టనని దుకాణం మెట్ల మీదే అన్నారు. అట్నుంచి అటే కోర్టు దగ్గర ఉండే మా దూరపు చుట్టం వకీలు ఇంటికి నడిచారు. చిన్న మిషను కోసం కేసేమిటని ఊరంతా నవ్వింది. మిషను కోసమైతే నవ్వాల్సిందే. ఆయన పోరాడుతున్నది అది మిషను తప్పేనని ఎవరో పెద్దమనిషి చేత అనిపించుకోవడానికి. ఆ మాట అనిపించుకోకపోతే ఆయన ఇంట్లో నీళ్లు తాగలేరు, మమ్మల్ని తాగమని చెప్పలేరు.

వకీలు మంచివాడే. వినియోగదారుల ఫోరం అని ఒకటుందని, గ్యారంటీ గడువు దాటినంత మాత్రాన అమ్మినవాడి బాధ్యత అంతా తీరిపోదని మాకు విడమరిచి చెప్పాడు. గడువులోనే బయటపడిన లోపాన్ని పైపైన అతికించి పంపి, గడువు దాటాక చేతులు దులుపుకుంటే చెల్లదన్నాడు. మామ తల ఊపుతూ విన్నారు. అయితే అవతలివాళ్లు నీళ్ల మీదికి తోస్తారు, చెడ్డ నీళ్లలో వాడి చెడగొట్టుకున్నారంటారు, కాబట్టి నీళ్లు మంచివని మనం చూపించాలన్నాడు. ఎలా చూపించాలని మామ అడిగారు. ఆ నీళ్లు ఎవరెవరు తాగుతున్నారని వకీలు ఎదురు అడిగాడు. అడుగుతూనే అతని చూపు నా మీద పడింది.

ఇంటికి వచ్చాక నేను సాక్ష్యం చెప్పనన్నాను. మా ఆయన షిఫ్టు వేళయిందని చొక్కా తొడుక్కుని వెళ్లిపోయారు. మామ మాత్రం నా ఎదురుగా వచ్చి కూర్చుని, అబద్ధమేం చెప్పమనడం లేదు, తాగుతున్నావు కదా, తాగుతున్నానని చెప్పు చాలన్నారు. ఆ గొంతులో పటేలు దర్పం ఏ మూలా లేదు. ఆయన నన్ను సాక్ష్యం చెప్పమని అడుగుతున్నట్టు లేదు. ఏమీ కాదని నా నోటితో చెప్పమని అడుగుతున్నట్టు ఉంది.

ఫోరంలో మా కేసు పిలిచేసరికి నాకు నెలలు నిండుతున్నాయి. పాత గదిలో పంకా కిరకిరమంటోంది. తీర్పు చెప్పే పెద్దాయన నన్ను చూసి కుర్చీ వేయించి, తొందర లేదమ్మా అన్నారు. ఆ బోరు నీళ్లే తాగుతావా అని అడిగారు. తాగుతానన్నాను. ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగారు. నేను మామ వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకుని, అమావాస్య దాకా తొట్టెను ఎలా చూసేవారో అలా నన్ను చూస్తున్నారు. కన్ను ఆర్పడం లేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ గదిలో నేను ఎక్కడ కూర్చున్నానో. ఒళ్లంతా మండిపోయింది.

"ఇప్పటికైతె ఏం లేదు సార్" అన్నాను.

మా వకీలు లేచి, నిండు చూలాలు నిక్షేపంగా తాగుతున్న నీళ్లు రబ్బరును తింటాయా అని గదంతా వినబడేలా అడిగాడు. 'ఇప్పటికైతే' అన్న నా మాటను అతను ఎక్కడా ఎత్తలేదు. సేటు తలవంచుకున్నాడు. నీళ్లు చెడ్డవని నిరూపించడానికి అతని దగ్గర ఏ ఆధారమూ లేదు, మా దగ్గర నేనున్నాను.

నాకు ఆడపిల్ల పుట్టింది. బలహీనంగా, చేతి వేళ్లు అగ్గిపుల్లల్లా పుట్టింది. తల్లి సన్నం కాబట్టి పిల్ల సన్నమని ఆస్పత్రిలో అన్నారు. అందరూ సరేనన్నారు. నేనూ సరేనన్నాను. కానీ ఆ పిల్ల నిద్రలో ఉలిక్కిపడినప్పుడల్లా పక్క పొలం బర్రెలు గుర్తొచ్చేవి. ఎవరితో చెప్పుకోను? చెబితే నా నోటితో నేనే శకునం పలికినట్టవుతుంది.

పిల్ల పాకే వేళకు తీర్పు వచ్చింది. మేమే గెలిచాం. లోపం గడువులోనే బయటపడింది, వాడకంలో తప్పు ఉన్నట్టు తేలలేదు, కొత్త మిషను ఇవ్వాలని చెప్పారు. మామ మిఠాయి పంచారు. ఊళ్లో నవ్వినవాళ్లు కూడా వచ్చి, నీ బోరుకు కోర్టే ముద్ర వేసింది పటేలా అని తిని వెళ్లారు. కొత్త మిషను వచ్చింది, కొత్త చేపలు వచ్చాయి, ముందు గదిలో మళ్లీ బుడబుడ మొదలైంది. ఆ చప్పుడు వింటూ మామ కుర్చీలోనే కునుకు తీసేవారు. అంత నిశ్చింతగా ఆయన నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం పిల్లకు తాగించడానికి నీళ్లు కాచి గాజు గ్లాసులో పోసి చల్లారబెట్టాను. వంటింట్లో కిటికీ ఎండ పడుతుందని చల్లారేదాకా చేపల తొట్టె పక్కన పెట్టాను. పెట్టి, చెయ్యి తీసి, అక్కడే నిలబడిపోయాను. గ్లాసులో నీళ్లు పలచటి చాయ్ రంగులో ఉన్నాయి. వెనక తొట్టెలో నీళ్లు ఉన్నాయా లేవా అన్నంత తేటగా ఉన్నాయి. రెండూ ఒకే బోరు నీళ్లు, ఆ పొద్దునే రెంటికీ పట్టాను.

ఇంకో గ్లాసు తెచ్చి తొట్టెలోంచి ముంచి, రెండు గ్లాసులూ మామ ముందు బల్ల మీద పెట్టాను. ఏందిది అన్నారు. పిల్లకు ఏ నీళ్లు పట్టమంటారో చూపించమన్నాను. ఆయన తడుముకోకుండా తేట నీళ్ల గ్లాసు మీద వేలు పెట్టారు.

"గవి చేపలయి మామా. మనం తాగేటియి గీ పక్కయి" అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఎసొంటి నీళ్లయినా సాఫయితయి అని సేటు అమ్మిన నాడే చెప్పాడు. మిషను చేసిన పని అదే. అది బోరు నీళ్లను కడిగి చేపలకు ఇచ్చింది. కడగని నీళ్లు మేం తాగాం. కడిగిన నీళ్లలో చేపలు బతికి ఉన్నాయని చూసి, కడగని నీళ్లు మంచివనుకున్నాం. మిషను ఉన్న నాడు చేపలు మాకు ఏమీ చెప్పలేదు. మిషను ఆగిన నాడు చెప్పాయి. ఆ చెప్పినదాన్ని మేం ఫోరం దాకా వెళ్లి అబద్ధమని కొట్టేయించాం.

మామ లేచి వెళ్లి మిషను ప్లగ్గు తీశారు. బుడబుడ ఆగిపోయింది. చేపలు చచ్చినా అది నీళ్ల వల్ల కాక గాలి ఆడకేనేమోనని ఆయనకూ అనుమానమే, నాకూ అనుమానమే. అందుకని నేను మా అమ్మ ఇంటి నుంచి డబ్బాలో మంజీర నీళ్లు తెప్పించాను. రెండు స్టీలు బేసిన్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఆ నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు పోసి, ఏ మిషనూ లేకుండా చేపలను పంచాం. మామ మధ్యలో పీట వేసుకుని కూర్చున్నారు. అత్తమ్మ పిల్లను చంకలో వేసుకుని దూరంగా నిలబడింది. మంజీర నీళ్లలో చేపలు తిరుగుతూనే ఉన్నాయి. బోరు నీళ్లలోవి ముందు పైకొచ్చి మూతులు తెరిచాయి, తర్వాత పక్కకు ఒరిగాయి, మర్నాటికి వెల్లకిలా తేలాయి. మామ వాటిని చేత్తో తీసి చెట్టు మొదట్లో పాతిపెట్టి, బోరు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు.

అప్పటి నుంచి ఆయనే సైకిలుకు డబ్బాలు కట్టుకుని, హైవే పక్కన మంజీర పైపు వాల్వు కారే చోటికి వెళ్లి నీళ్లు తెచ్చేవారు. వాల్వు కారని రోజున ఏం చెయ్యాలో తెలియక ఫ్యూజు మళ్లీ పెట్టి ఆ బోరు నీళ్లనే కాచి తాగేవాళ్లం. తాగుతున్నప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

ఇది ఇక్కడితో పోలేదు. ఊళ్లో ఇంకొన్ని బోర్లు రంగు తిరిగాయి. జనం కూడి, మంచినీళ్లు ఇవ్వాలని పంచాయతీ ముందు కూర్చున్నారు. ఒక ఫ్యాక్టరీ తరఫున ఇస్త్రీ చొక్కా మనిషి ఒకాయన వచ్చాడు. నీళ్లు చెడ్డవని ఎవరన్నారని అడిగాడు. చేతిలో మా తీర్పు కాపీ ఉంది. ఎలా సంపాదించాడో ఏమో. ఈ ఊరి పటేలే ఫోరంలో తన బోరు నీళ్లు మంచివని ప్రమాణం చేశాడని, ఆయన కోడలు నిండు నెలల్లో అవే తాగి ఏ ఇబ్బందీ లేదని చెప్పిందని అందరికీ వినబడేలా చదివాడు. జనం మా వైపు తిరిగారు. మా మిఠాయి తిన్నవాళ్లే అందరూ.

మామ లేచి, అప్పుడు తెలియక చెప్పానన్నారు. అయితే అబద్ధపు ప్రమాణంతో కొత్త మిషను కొట్టేశావన్నమాట అని ఆ మనిషి నవ్వాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీళ్లు మంచివంటే ఊరు ఎండుతుంది, చెడ్డవంటే ఆయన దొంగవుతాడు. పుట్టిన నాటి నుంచి ఒకరి దగ్గర తల దించని మనిషి మా మామ.

"దొంగనే అనుకో. నీళ్లు మాత్రం మంచియి కావు" అన్నారు.

కొందరు నమ్మారు. చాలామంది నమ్మలేదు. ఆ మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకుని జీపెక్కాడు. మా నోటి మాట కంటే ఆ కాగితం మీది మా మాటకే బరువు ఎక్కువైంది.

మర్నాడు మామ కొత్త మిషను గుడ్డలో చుట్టుకుని సంగారెడ్డి బయల్దేరారు. నేనూ వెళ్లాను, ఈసారి ఆయన పిలవకుండానే. సేటు మమ్మల్ని చూసి, ఇదీ పాడయిందా అని దిగాలుగా అడిగాడు. మామ మిషను బల్ల మీద పెట్టి, నీ సరుకు మంచిదే సేటూ, మా నీళ్లే మంచివి కావు, నీదు నువ్వు తీసుకో అన్నారు. గెలిచినవాడు తెచ్చి తిరిగి ఇవ్వడం సేటు బజారులో ఎప్పుడూ చూడని వింత. అతను నవ్వుతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. అతను మామ వెనక నిలబడ్డ నన్ను, నా చంకలో ఉన్న పిల్లను చూశాడు. మిషను మళ్లీ గుడ్డలో చుట్టి మామ చేతిలో పెట్టాడు.

"తీస్కపో పటేలా. పాప తాగే నీళ్లల్ల పెట్టు" అన్నాడు.

బస్సులో మామ ఆ మూటను ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నారు. ఆయన భుజాలు కదలడం నాకు తెలుస్తూనే ఉంది. నాకూ ఏడుపు వచ్చింది. సేటు మీద పెంచుకున్న కసి అంతా ఏమైపోయిందో తెలియలేదు.

ఆ మిషను ముందు గది నుంచి వంటింట్లోకి వచ్చింది. వాల్వు కారని రోజుల్లో స్టీలు గంగాళంలో బోరు నీళ్లు పోసి అందులో దాన్ని ముంచేవాళ్లం. చేపల కోసం చేసిన బొగ్గు పిల్లకు ఎంత ఆపిందో, ఎంత వదిలిందో చెప్పే కార్డు ఏ దుకాణంలోనూ రాసివ్వరు. నెలకోసారి నేను ఆ స్పంజి తీసి కడిగేదాన్ని. అది తెల్లటి స్పంజి. తీసేసరికి పసుపు రంగు జిగురు పట్టి, మా ఆయన చొక్కా వాసన వేసేది. కడుగుతున్నంతసేపూ పక్క గదిలో పిల్ల దగ్గు వినబడుతుందేమోనని చెవులు రిక్కించేదాన్ని.

పిల్లను బడిలో వేసే ఏడు మా వాడకు మంజీర నల్లా వచ్చింది. వీధంతా బిందెలతో ఎగబడితే మామ మాత్రం మొదటి నీళ్లు చేపల తొట్టెలో పట్టారు. మిషను పెట్టలేదు. చేపలు వదిలి అమావాస్య దాకా ఆగారు. అప్పటికి ఆయన బాగా వంగిపోయారు. ఆ పొద్దున తలస్నానం చేసి వచ్చి, నల్లా కింద చెంబు నింపారు. ఎప్పటిలా తాను తాగలేదు. నా దగ్గరికి తెచ్చి చాపారు.

"నువ్వు సెప్పు బిడ్డా. మంచిగున్నయా?"

తొట్టెలో చేపలు తిరుగుతూనే ఉన్నాయి. ఆయన వాటి వైపు చూడలేదు. నేను ఒక గుక్క నోట్లో పోసుకుని నాలుక మీద ఆపాను. మా అమ్మ ఇంటి నీళ్లు. మింగి, మంచివే మామా అన్నాను. ఆయన చెంబు తీసుకుని, ముందు తాను తాగకుండా, నా కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లకు పట్టారు. అది సన్నటి మెడ వెనక్కి వంచి గటగటా తాగింది. ఇంతకుముందు తాగినవి దాని ఒంట్లో ఏం చేస్తున్నాయో నా నాలుకకు తెలియదు. మామ ఖాళీ చెంబు పట్టుకుని, పిల్ల మొహంలోకే చూస్తూ నిలబడ్డారు.